నీలం మాత్ర వెనుక ఉన్న డాక్టరమ్మ

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో వారానికొకసారి అన్నాలయ్యాక వార్డెన్ మేడం మమ్మల్ని వరసలో నిలబెట్టి నీలం రంగు మాత్ర ఇచ్చేవారు. కడుపులో తిప్పుతుందని మాలో సగం మంది దాన్ని నాలుక కింద దాచి, మేడం అటు తిరగగానే కిటికీలోంచి విసిరేసేవాళ్లం. అందులో ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుందని మాకప్పుడు తెలియదు. ఫోలిక్ యాసిడ్ అనగానే భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకుంటాం. ఆయనకంటే ముందు ఆ దారి వేసిన డాక్టర్ లూసీ విల్స్ గారి గురించి మన వార్షికోత్సవ సంచికలో రాయాలనుకున్నాం.

ఆమె 1888 మే 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు. 1911లో ఆఖరి పరీక్షలో ఆమెకు వచ్చింది మూడో తరగతే. మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడే చెల్లెళ్లు ఈ సంగతి గమనించాలి. పాసైనా డిగ్రీ మాత్రం చేతికి రాలేదు, ఎందుకంటే కేంబ్రిడ్జి ఆడవాళ్లకు డిగ్రీలివ్వడం 1948లో గానీ మొదలుపెట్టలేదు. తర్వాత దక్షిణాఫ్రికాలో కొంతకాలం స్వచ్ఛందంగా నర్సు పని చేసి, లండన్‌లోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1920లో డాక్టరయ్యారు.

1928లో ఆమె బొంబాయి వచ్చారు. అక్కడ పేద గర్భిణులకు, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు, ఒక రకం రక్తహీనత వచ్చి ప్రాణాలు పోయేవి. రక్తంలో ఎర్రకణాలు తగ్గిపోయి, ఉన్నవి మామూలుకంటే పెద్దవిగా కనిపించేవి. హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని లూసీ విల్స్ గారు మొదట చేసిన పని మందు వెతకడం కాదు, ఎవరు ఏం తింటున్నారో రాసుకోవడం. మాంసకృత్తులు, పండ్లు, కూరగాయలు అందని ఇళ్లలోనే ఈ జబ్బు ఎక్కువని తేలింది.

ఈ పరిశోధనలన్నీ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో 1930 నుంచి వరుస వ్యాసాలుగా వచ్చాయి. మొదటి భాగంలో ఆమె పేరు పక్కన మెహతా అనే పేరుంది. బొంబాయి స్త్రీల తిండి గురించిన రెండో భాగంలో తల్పడే, కోతుల మీద ప్రయోగాల భాగంలో బిలిమోరియా ఉన్నారు. తెల్లదొరల పాలనలో ఆమె మనవాళ్ల పేర్లను తన పేరు పక్కనే అచ్చు వేయించడం మాకు బాగా నచ్చింది. పోషకాలు లేని తిండితో ఎలుకలకు రక్తహీనత తెప్పించి చూసినప్పుడు, వాటిలో బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి కూడా ఉన్నట్టు తేలింది. ప్రయోగానికి చిక్కు తెచ్చిన ఆ సంగతిని కూడా ఆమె దాచకుండా ప్రచురించారు.

1931 మొదట్లో ఆమె మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో పనిచేశారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. కాలేయం నుంచి తీసిన మందు అప్పటికే ఉన్నా దాని ఖరీదు ఎక్కువ. ఆమె మార్మైట్ ఇచ్చి చూశారు. అది బీరు తయారయ్యాక మిగిలే ఈస్టుతో చేసే చవక పదార్థం, ఇంగ్లండులో రొట్టెకు పూసుకుని తింటారు. దానితో గర్భిణులు కోలుకున్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఈస్టులో ఏముందో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. 1937లో మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో, శుద్ధి చేసిన కాలేయపు మందుకు లొంగని ఈ జబ్బు ముడి మందుకు లొంగుతోంది కాబట్టి ఇది వేరే పదార్థమని చూపించారు. లోకం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అంది.

1941లో ఆ పదార్థాన్ని పాలకూర నుంచి వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తోబుట్టువును స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న ఆయనకు అది వట్టి రసాయనం కాదు. ఆ స్ప్రూకి కూడా ఫోలిక్ యాసిడ్ మందయింది.

1947లో ఉద్యోగ విరమణ చేశాక లూసీ విల్స్ గారు లండన్‌లోని చెల్సీలో లేబర్ పార్టీ కౌన్సిలర్‌గా ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1964 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత 27 ఏళ్లకు, 1991లో, ఆమె చూడని ఫలితం ఒకటి బయటపడింది. వెన్నుపాము లోపంతో ఒకసారి బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, తర్వాతి బిడ్డకు ఆ లోపం వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గింది.

2019 మే 10న గూగుల్ ఆమె బొమ్మ పెట్టింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ బొమ్మ పంపింది మా బ్యాచ్‌లో మాత్రను అందరికంటే దూరంగా విసిరిన అమ్మాయే. ఆమె ఇప్పుడు ఏఎన్ఎం. గర్భిణులకు మాత్రలిచ్చి, తన ఎదురుగానే మింగమని కూర్చుంటుందట.