అంకితము వెంకట నరసింగరావుగారు

మన అనంతపురపు పీఠభూమిలో పుష్యమాసపు ఆకాశము తుడిచిన అద్దమువలె నుండును. తెల్లవారుజామున చలి యొడలు వణకించును. మధ్యాహ్నమునకు ఎండ వేసవిని జ్ఞాపకము చేయును. వానకొలత పాత్రయొద్దకు ప్రతిదినము పోవువాడు జనవరి మాసమందు ఇంచుమించుగా నెలపొడుగునను సున్నయే వ్రాసికొని రావలసియుండును. వాన లేదని అందరికిని తెలిసియుండగా ఆ సున్నను వ్రాయుట యెందులకని మా విద్యార్థి యొకడు మమ్ముల నడిగెను. అప్పుడు మేము చెప్పిన ప్రత్యుత్తరము చాలదని మాకే తోచినది. తగిన సమాధానము ఒక మనుష్యుని జీవితములో నున్నది గనుక ఆ జీవితమును ఈ సంచికయందు మా చదువరులకు తెలుపగోరితిమి.

అంకితము వెంకట నరసింగరావుగారు 1827వ సంవత్సరమున జన్మించిరి. ఆంగ్ల పత్రికలలో వీరి పేరు నర్సింగ్ రో అని అచ్చుపడుచుండుటచేత, తెలుగువారై యుండియు తెలుగువారికి కొంత మరుగుపడిరి. వీరు విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారికి అల్లుడైరి. మామగారి కథ చెప్పక అల్లునిగారి కథ చెప్పుట సాధ్యము కాదు.

జగ్గారావుగారు 1817లో పుట్టిన జమీందారు. ఆ కాలపు ధనవంతులలో పెక్కండ్రు ఏనుగులమీదను, భోగములమీదను ధనము వెచ్చించుచుండగా, ఈయన మనస్సు నక్షత్రములమీదికి పోయెను. చెన్నపట్టణమునకు వెళ్లి, అచ్చటి ఖగోళశాల కధికారియైన టేలరు దొరగారియొద్ద గణితమును, ఖగోళమును అభ్యసించిరి. ఆ చెన్నపట్టణపు ఖగోళశాలయే మొదట 1786లో పెట్రీ అను కంపెనీ యుద్యోగి తన సొంత ఇంట నెలకొల్పుకొన్నది. తరువాత కంపెనీవారు దానిని గైకొనిరి. శిష్యుడును అదే త్రోవ త్రొక్కెను. 1840లో విశాఖపట్టణమున తమ నివాసమునందే జగ్గారావుగారు ఖగోళశాలను నెలకొల్పిరి. ఆ తోటయే నేటి డాబా గార్డెన్స్. డాల్ఫిన్ నోస్ అను కొండమీద ధ్వజస్తంభము నిలిపి, ఓడలవారికిని పట్టణమువారికిని సరియైన కాలము తెలియునట్లు ఏర్పాటు చేసిరి. ముప్పదితొమ్మిది యేండ్ల వయస్సున, 1856లో ఆయన పరలోకగతులైరి.

ఇట్టి చోట్లనే సాధారణముగా కథ ముగియును. యజమాని పోయిన పిమ్మట దూరదర్శినికి బూజు పట్టును, గడియారము నిలిచిపోవును, పుస్తకములు చెదలకు ఆహారమగును. మన యూళ్లలో ఎందరి గ్రంథాలయములు ఇట్లు నశించెనో పెద్దలు ఎరుగుదురు. నరసింగరావుగారు దానిని సాగనీయలేదు. ప్రభుత్వోద్యోగమును విడిచి, మామగారి ఆస్తితోపాటు ఆ ఖగోళశాల భారమును కూడ తమమీద వేసికొనిరి. అప్పటికి ఆయనకు ఇంచుమించు ముప్పది సంవత్సరములు. ఆస్తిని స్వీకరించుటలో వింత యేమియు లేదు; ప్రతిఫలము లేని పనిని స్వీకరించుటయే మాకు ఆశ్చర్యమును కలిగించుచున్నది.

ఆ తరువాతి ముప్పదియైదేండ్లును ఆయన ఆ పనినుండి తొలగలేదు. 1868వ సంవత్సరము మన తెలుగుదేశమునకు ఖగోళ విషయమున గొప్ప సంవత్సరము. ఆగష్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణములమీదుగా సాగెను. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ పండితుడు గుంటూరికిని, చెన్నపట్టణమునుండి పోగ్సన్ దొరగారు మచిలీపట్టణమునకును వచ్చిరి. హీలియము అను వాయువు జాడ మనుష్యులకు మొదట సూర్యునియందు దొరికినది ఈ గ్రహణపు పరిశోధనలవలననే. ఆ యేడే నవంబరు 5న బుధుడు సూర్యబింబమున కడ్డముగా పోవుటను నరసింగరావుగారు విశాఖపట్టణమునుండి పరిశీలించి, ఆ వివరమును లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారికి పంపిరి. 1871లో ఆ సంఘమువారు ఆయనను తమ సభ్యునిగా నెన్నుకొనిరి.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యునిమీదుగా పోవు దినము వచ్చెను. అంతకుముందు అట్టి సంగతి జరిగి నూటయైదు సంవత్సరములైనది. భూమికిని సూర్యునికిని గల దూరమును నిర్ణయించుటకు ఇది సాధనమగునని లోకములోని రాజ్యములన్నియు ఓడలమీద పండితులను నలుదిక్కులకు పంపినవి. విశాఖపట్టణములో ఆ సంగతి ఉదయము ఏడుగంటలు దాటిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నము వరకు జరుగవలెను. మబ్బు కమ్మినయెడల అంతయు వ్యర్థము. సముద్రతీరమున డిసెంబరు నెల ఉదయము మంచుపొర యుండునా, తూర్పుగాలి మబ్బును తెచ్చునా, ఎన్ని గంటలకు ఆకాశము తేటపడును, అని యెవరు చెప్పగలరు? గడచిన యేండ్ల డిసెంబరు నెలలను దినదినము వ్రాసియుంచినవాడే చెప్పగలడు. నక్షత్రములను చూచువాడు గాలిని, మబ్బును కూడ చూడక తప్పదు. నరసింగరావుగారు శుక్రుని చక్కగా పరిశీలించిరి. ఆ వృత్తాంతమును లండను సంఘమువారు తమ పత్రికయందు అచ్చువేసిరి.

ఆయన చేతిక్రింద ఆ ఇల్లు ఖగోళశాల మాత్రమే గాక వాతావరణశాల కూడ అయ్యెను. ఈ పని యెట్టిదో మా పిల్లలు తెలిసికొనవలెను. థర్మామీటరు ఎండకును నేలవేడికిని తగులక, నాలుగడుగుల యెత్తున, గాలి యాడు చెక్కపెట్టెలో నుండవలెను. రెండవ థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెంటికిని గల భేదమునుబట్టి గాలిలోని తేమను లెక్కింతురు. ఆ గుడ్డ మాసినను, ఎండినను లెక్క తప్పును. బారోమీటరు సంగతి మరింత సున్నితము. మన ఉష్ణదేశములో గాలిబరువు ప్రతిదినము ఉదయము పదిగంటల ప్రాంతమున హెచ్చి, సాయంకాలము నాలుగుగంటలకు తగ్గును. మరల రాత్రి పదిగంటలకు హెచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి తగ్గును. పాదరసము ఇంచుమించు అంగుళములో పదియవ వంతు ఎక్కి దిగుచుండును. ఒకనాడు పదింటికి చూచి, మరునాడు బద్ధకించి నాలుగింటికి చూచినవాడు, గాలివాన వచ్చుచున్నదని ఊరంతయు బెదరించగలడు. కావున గంట తప్పరాదు. పండుగయైనను, ఇంట పెండ్లియైనను, జ్వరమైనను ఆ గంటకు ఎవరో యొకరు అచ్చట నిలువవలెను. చలికాలములో ఇది మరియు విసుగు పుట్టించును. ఏలయనగా ఏమియు జరుగదు. గాలివానను వ్రాయుటకు ఉత్సాహము అందరికిని కలదు.

గాలివాన కూడ వచ్చినది. 1876 అక్టోబరు మొదటి వారమున బంగాళాఖాతమునుండి లేచిన తుపాను విశాఖపట్టణపు తీరమును కొట్టెను. అదే నెల చివర మరియొకటి వంగదేశమున బాకరుగంజి ప్రాంతమును ముంచి లెక్కలేని ప్రాణములను గొనెను. ఈ రెండు తుపానులను గూర్చియు ఎలియట్ దొరగారు పెద్ద నివేదికను వ్రాసిరి. అప్పటికి భారతదేశపు వాతావరణ శాఖ పుట్టి యొక సంవత్సరమే యైనది. 1875లో బ్లాన్‌ఫోర్డ్ దొరగారిని దానికి పెద్దగా నియమించిరి.

అదే 1876లో మన సీమలో నేమి జరిగెనో మా పాఠకులకు చెప్పనక్కరలేదు. అప్పటికి అనంతపురము ప్రత్యేకపు జిల్లా కాదు. 1882 వరకు బళ్లారి జిల్లాలోనిదే. తీరము తుపానులో తడిసిన ఆ యేడే మనకు నైరుతియు, ఈశాన్యమును రెండును మొగము చాటుచేసినవి. చెరువులు ఎండెను, పశువులు చచ్చెను, జనులు బళ్లారి, కర్నూలు త్రోవలలో కూలిపోయిరి. 1878 వరకు సాగిన ఆ కరవులో దక్షిణదేశమున ఏబది లక్షలకు మించి జనులు మరణించిరని లెక్క. ధాత కరవు అను పేరుతో మన ముసలివారు దానిని తరతరములు చెప్పుకొనుచు వచ్చిరి.

ఇచ్చటనే ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము మాకు దొరికినది. వాన పడిననాడు మాత్రమే వ్రాయువాని పుస్తకములో ఖాళీయున్న దినము రెండు విధములుగా అర్థమగును: ఆనాడు వాన లేదనియో, ఆనాడు చూచినవాడు లేడనియో. సున్న వ్రాసియున్నయెడల సందేహము లేదు. కరవు అనునది సున్నల వరుస. ఆ వరుస ఎప్పుడు మొదలయ్యెనో, ఎంత పొడవుగా సాగెనో తెలియనియెడల, గంజికేంద్రము ఎప్పుడు తెరువవలెనో, శిస్తు ఎప్పుడు మాన్పవలెనో వాదముగానే మిగులును. మన జిల్లాలో సంవత్సరమునకు సగటున ఏబదియైదు సెంటీమీటర్ల వాన కురియును. నేడు రెండున్నర మిల్లీమీటర్లు కురిసినగాని దానిని వానదినముగా లెక్కింపరు. ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలతురు. తాడిపత్రి, ఉరవకొండ నల్లరేగడిలో పప్పుశనగ చల్లిన రైతునకు ఈశాన్యపు చివరి జల్లు ఎన్నడు పడెనో ఆ యొక్క తేదీ ప్రాణసమానము.

చలికాలపు లెక్కల విలువ మరియొక విధమున కూడ బయటపడెను. హిమాలయములమీద చలికాలమందు పడిన మంచునకును, తరువాతి వానలకును సంబంధము కలదని బ్లాన్‌ఫోర్డ్ గ్రహించి, 1880 దశకమున ముందుగా వానజోస్యము ప్రకటింప నారంభించెను. 1904లో ఆ శాఖకు అధికారిగా వచ్చిన గిల్బర్టు వాకరు, లోకములోని అనేక స్థలముల గాలిబరువులను ఋతువులవారీగా, డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఒక గుంపుగా చేర్చి, ఒకదానితో నొకటి పోల్చెను. పసిఫిక్ మహాసముద్రపు గాలికిని మన వానకును గల ముడి అట్లు కనబడెను. ఎన్నడో యెవరో విసుగుకొనక వ్రాసిన అంకెలు లేనియెడల వాకరుగారి గణితమునకు పని యుండెడిది కాదు.

నరసింగరావుగారు 1892లో కాలధర్మము నొందిరి. రెండవమారు ఆ యింట అదే ప్రశ్న యెదురయ్యెను. ఈమారు దానికి ప్రత్యుత్తరమిచ్చినవారు ఆయన భార్య, జగ్గారావుగారి కుమార్తె, అచ్చయ్యమ్మగారు. ఆ కాలపు జమీందారీ స్త్రీలు గుమ్మము దాటుటయే అరుదు. తండ్రి కట్టించి, భర్త నడిపిన శాలను ఆమె మూయనీయలేదు. పని తెలిసినవారిని నిలిపి వాతావరణ లెక్కలను సాగించి అచ్చువేయించిరి. తండ్రినిగూర్చియు భర్తనుగూర్చియు వ్రాసినవారు ఈమెను ఒక్క వాక్యముతో దాటిపోవుట మాకు న్యాయముగా తోచలేదు.

నేడు డాబా గార్డెన్స్ విశాఖపట్టణములో దుకాణములతోను, బండ్లతోను క్రిక్కిరిసిన పేట. ఆ త్రోవను పోవువారిలో పెక్కురకు ఆ పేరు ఒక తోటదనియు, ఆ తోటలో మూడు తలలవారు వంతులుగా ఆకాశమును కనిపెట్టియుండిరనియు తెలియదు. మా విద్యార్థి మాత్రము ఈ కథ విన్న మరునాడు ఉదయము ఎనిమిదిన్నరకు పాత్రయొద్దకు పోయి, తన పుస్తకములో సున్న వ్రాసికొని వచ్చెను.