దొంగల భయంతో పుట్టిన మందు: మిల్లార్డే జీవితం

బత్తాయి తోటల్లో చెమటోడ్చే వాళ్ళకి బోర్డో మిశ్రమం సంగతి మేము కొత్తగా చెప్పేదేముంది? మైలుతుత్తం కలిపేదీ, మొదళ్ళకి పేస్టు పూసేదీ, పంపు వీపున వేసుకుని చల్లేదీ వాళ్ళే. అయితే సంఘం పనిమీద తోటలు తిరిగేటప్పుడు ఈ బోర్డో ఎవరండీ అని మమ్మల్ని చాలామంది అడిగారు. బోర్డో మనిషి కాదు. ఫ్రాన్సు దేశంలో ద్రాక్షతోటలకి పేరుపడ్డ పట్టణం. మందు గుణాన్ని రుజువు చేసి లోకానికి చెప్పినాయన అలెక్సీ మిల్లార్డే.

ఈయన 1838లో పుట్టాడు. మొదట వైద్యం చదివి, తర్వాత చెట్టూచేమల శాస్త్రానికి మళ్ళాడు. జర్మనీ పోయి శిలీంధ్రాల గురించి నేర్చుకున్నాడు. స్ట్రాస్‌బర్గ్‌లో, నాన్సీలో పాఠాలు చెప్పి, 1876లో బోర్డో విశ్వవిద్యాలయానికి వచ్చాడు.

అప్పటికి ఫ్రాన్సు ద్రాక్షరైతు కొంప మునిగి ఉంది. అమెరికా నుంచి వచ్చిన వేరుపేను తోటలకి తోటల్నే ఎండబెట్టింది. అమెరికా తీగల వేళ్ళు ఆ పేనుని తట్టుకుంటాయి గనక వాటిమీద తమ ద్రాక్షని అంటుకట్టడం మొదలెట్టారు. మనం రంగపూర్ నిమ్మ వేరుమీద బత్తాయి కన్ను కట్టడం లేదూ, అలాగే. ఆ దారి మంచిదన్న వాళ్ళలో మిల్లార్డే ఒకడు. తీరా చూస్తే ఆ అమెరికా తీగలతోనే ఇంకో పీడ దిగింది, బూజు తెగులు. 1878లో ఫ్రాన్సులో కనబడింది. ఆకు పైన పసుపు మచ్చ, అడుగున తెల్లని బూజు, నాలుగు రోజులకి ఆకంతా రాలిపోవడం. ఆకు లేని తీగకి కాయ పండదు. నారుమొక్క ఎక్కడిదో చూడకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో మన తోటలవాళ్ళకీ అనుభవమే.

1882 అక్టోబరులో మిల్లార్డే మెడాక్ ప్రాంతంలో సేన్ జూలియన్ అనే ఊళ్ళో ఒక పెద్ద తోట పక్కగా పోతున్నాడు. తోట లోపల తీగలన్నీ మోడులు. బాట పక్కనున్న వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఆకులమీద నీలం పూత. తోట మేనేజరు ఎర్నెస్ట్ దవీద్‌ని అడిగాడు. సంగతేమిటంటే, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా, చూడగానే విషమనుకుని జడుసుకునేలా, మైలుతుత్తం సున్నంలో కలిపి బాటవారన చిలకరించడం అక్కడి తోటల యజమానులకి అలవాటట. ఆకలైనవాడు రెండు గుత్తులు తుంచుకుంటాడేమోనన్న భయమే ఈ మందుకి పుట్టుక! తెగులు సంగతి యజమాని ఎరగడు. చల్లిన కూలీలు ముందే గమనించారో లేదో ఎవరు రాస్తారు? మేనేజరు పేరు పుస్తకాలకెక్కింది, చీపురు పట్టినవాడి పేరు ఎక్కలేదు.

మిల్లార్డే గొప్పతనం చూసినదాన్ని వదిలిపెట్టకపోవడంలో ఉంది. దవీద్ సాయంతో వరసగా మూడేళ్ళు తోటల్లో ప్రయోగాలు చేశాడు, గేయోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తోడు తీసుకున్నాడు. 1885లో కొలతలతో సహా అచ్చు వేయించాడు. 100 లీటర్ల నీళ్ళలో 8 కిలోల మైలుతుత్తం, 30 లీటర్ల నీళ్ళలో 15 కిలోల సున్నం. కూలీ ఒక చేత్తో కుండ పట్టుకుని, ఇంకో చేత్తో చిన్న చీపురు ముంచి ఆకులమీద కొట్టాలి. వీపు పంపులు ఆ తర్వాతి మాట. ఇప్పుడు మనం 100 లీటర్లకి చెరొక కిలోతోనే సరిపెడుతున్నాం. ఇనప బక్కెట్టు పనికిరాదనీ, తుత్తం నీళ్ళే సున్నం నీళ్ళలో పోయాలనీ, కొడవలి ముంచితే ఎర్రపూత పట్టిందంటే ఇంకాస్త సున్నం పడాలనీ మన కూలీలకి కంఠోపాఠమే. ఒకటి మాత్రం యజమానులు మరచిపోతుంటారు. ఆకుమీద వాలిన బూజు విత్తు మొలవకుండా రాగి ఆపుతుంది, లోపలికి దిగిన తెగుల్ని మాన్పదు. ఆకులు రాలాక కూలీని తిట్టి లాభం లేదు.

ఆలుగడ్డ తెగులుకీ ఈ మందు పనిచేసింది. 1845 నుంచి ఐర్లండులో ఆ తెగులూ, దానిమీద దొరల పాలనా కలిసి దాదాపు 10 లక్షల ప్రాణాలు తీశాయి. మందు 40 ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

మిల్లార్డే 1902లో బోర్డోలోనే కన్నుమూశాడు. తెగులు బెడద తగ్గింది గానీ మందు చల్లే మనిషి గుండెల్లోకి ఏం పోతోందని చాలాకాలం ఎవరూ చూడలేదు. 1969లో పోర్చుగల్ వైద్యులు ద్రాక్షతోట కూలీల ఊపిరితిత్తుల్లో నీలిమచ్చలు చూశారు. ఏళ్ళ తరబడి ఈ మందే చల్లినవాళ్ళు వాళ్ళు.

మా దగ్గర ఒక తోటలో ముక్కుగుడ్డ అడిగితే, సున్నమూ తుత్తమే కదా, విషమా ఏమన్నానా అని యజమాని నవ్వాడు. ఈసారి కూలిరేట్ల మాటల్లో ముక్కుగుడ్డ, చేతి తొడుగులు, పని దిగాక స్నానానికి నీళ్ళూ సబ్బూ, ఇవి కూలికంటే ముందు రాశాం.