రహీం సాబ్

భవానీపూర్‌లో ఉండేవాళ్లకు మైదాన్ ఎంతో దూరం కాదు. జతిన్ దాస్ పార్క్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే మైదాన్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల మైదానాలు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ రెండు జట్లూ తలపడే రోజున ఒకే వీధివాళ్లు కూడా రెండు పక్షాలైపోతారు. అలాంటి ప్రత్యర్థులను ఒక్క జట్టుగా నడిపించి, దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్ మన హైదరాబాద్‌వారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఉపాధ్యాయుడయ్యారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది.

కోచ్ అయినా ఆయనలోని పంతులు ఎక్కడికీ పోలేదు. ఎవరికి ఏది రాదో గమనించి అదే నేర్పేవారు. కుడికాలికే అలవాటుపడ్డవాళ్ల కోసం ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు ఉండేవాడు. బాగా ఆడేవాడు గానీ, రోజూ సాధనకు రావడానికి అతని దగ్గర డబ్బు లేదు. రహీం కోప్పడలేదు. కారణం తెలుసుకుని, అద్దె సైకిలుకు డబ్బు ఏర్పాటు చేశారు. ఆ కుర్రాడే తర్వాత కోల్‌కతా వచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున పేరు తెచ్చుకున్నాడు.

రహీం శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. అప్పట్లో మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. రహీం ఆ ఓటమి నుంచి నేర్చుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది.

ఆయనకు అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. జట్టు కెప్టెన్ చునీ గోస్వామి మోహన్ బగాన్ ఆటగాడు. బలరాం, అరుణ్ ఘోష్ ఈస్ట్ బెంగాల్‌వాళ్లు. పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. జర్నైల్ సింగ్ పంజాబ్ నుంచి వచ్చి మోహన్ బగాన్‌లో చేరినవాడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ తల పగిలి కుట్లు పడ్డాయి.

ఇంకొకరైతే జర్నైల్‌ను కూర్చోబెట్టేవారేమో. రహీం అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తోంది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చాడు. మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. ఒక గోల్, తలకు కట్టుతో ఉన్న జర్నైల్ మరో గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది.

తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా మనం కొత్త బడికి వెళ్తాం. అక్కడి ఆటలో మన చోటు అప్పటికే ఇంకొకరిది అయి ఉంటుంది. అలాంటప్పుడు నాకు జర్నైల్ గుర్తుకొస్తాడు. అతనికి అలవాటైన చోటు పోయినా, కొత్త చోటు చూపించే రహీం సాబ్ ఉన్నారు. మన తరగతికి రేపు కొత్తగా ఎవరైనా వస్తే, వాళ్లకు చోటు చూపించే పని మనమూ చేయవచ్చు.