జోలె పట్టిన కర్ణుడు

1977 జనవరి 14వ తేదీన విడుదలయిన ‘దానవీరశూరకర్ణ’ చిత్రమున కర్ణుడుగా, దుర్యోధనుడుగా, శ్రీకృష్ణుడుగా మూడు భూమికలు ధరించిన నటులు, ఆ సంవత్సరాంతమున జోలె పట్టి యాచనకు బయలుదేరిరి. వారే నందమూరి తారక రామారావుగారు.

కృష్ణాజిల్లా నిమ్మకూరు గ్రామమున 1923 మే 28వ తేదీన వారు జన్మించిరి. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి శిష్యులు. అచట ఒక నాటకమున స్త్రీపాత్ర ధరింపవలసివచ్చినపుడు మీసము తీయుటకు సమ్మతింపక ‘మీసాల నాగమ్మ’ యనిపించుకొనిరి. పట్టుదల నాటినుండియు ఉన్న గుణమే. సబ్ రిజిస్ట్రారు ఉద్యోగమును కొలది వారములలోనే వదలి చెన్నపురి చేరిరి. 1949లో ‘మనదేశం’, 1951లో ‘పాతాళభైరవి’. తరువాతి నటజీవితము తెలుగువారికెల్ల తెలిసినదే గనుక విస్తరింప బనిలేదు.

తక్కువగా తలచుకొనునది వేరొకటి కలదు. 1952లో రాయలసీమ క్షామముతో అల్లాడుచుండెను. వానలు లేవు, పశువులకు మేత లేదు; జనులు గంజి కేంద్రముల ముందు బారులు తీరిరి. చిత్రసీమలో అడుగిడి మూడేండ్లే అయిన రామారావుగారు ఊరూర తిరిగి క్షామపీడితులకై విరాళములు సేకరించిరి. తెరపై చూచిన ముఖమును కన్నులార చూడవచ్చినవారిని రిక్తహస్తములతో నిలువనీయరాదని వారు గ్రహించిరి. ఇదంతయు ప్రచారమునకే యనువారు ఉందురు గాక. అన్నము ఎవరి చేతినుండి వచ్చినదన్న విచారణ ఆకలి లేనివారిది.

తెలుగు చిత్రపరిశ్రమ చెన్నపురినుండి హైదరాబాదునకు తరలుచున్న రోజులలో, 1976లో, వారు నగరమునకు తూర్పున ఉప్పలు చెంతనున్న నాచారమున రామకృష్ణ స్టూడియోను నెలకొల్పిరి. కర్ణుని కథ అచటనే 43 రోజులలో చిత్రముగా రూపొందెను. నిర్మాతయు, దర్శకుడును వారే.

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసెను. చనిపోయినవారు 10,000కు పైబడిరి. బ్రతికినవారికి గుడిసె లేదు, పశువు లేదు, ఉప్పుపట్టిన పొలమున పైరు లేదు. సరిహద్దు దాటివచ్చినవారినే శరణార్థులనుట వాడుక. ఉన్నచోటనే ఊరు లేకుండ పోయినవారిని ఏమనవలెనో! అది రామారావుగారి సొంత జిల్లా. వారును, అక్కినేని నాగేశ్వరరావుగారును జోలె పట్టి విరాళములకై జనము మధ్యకు వచ్చిరి. ఈ ఇరువురి అభిమానులు ఒకరినొకరు తెగడుకొనుచుండెడివారు. అట్టివారు తమ తమ కథానాయకులను ఏకకార్యమున చూచిరి. రాజవేషములకు అలవాటుపడిన కన్నులకు అది క్రొత్త వేషము. కాని అందు నటన లేదు.

1982 మార్చి 29వ తేదీన తెలుగుదేశము పార్టీని స్థాపించి రామారావుగారు మరల ఊరూర తిరిగిరి. ఈమారు అడిగినది ఓటు. పల్లెజనమునకు వారు క్రొత్తవారు కారు. మరుసటి జనవరిలో ముఖ్యమంత్రి అయిరి. 1996 జనవరి 18వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి.