పాలిచ్చి పెంచిన పినతల్లి: మహాప్రజాపతి గౌతమి

తెలుగులో పినతల్లి అనే మాటకు రెండర్థాలున్నాయి. తల్లి చెల్లెలు ఒకటి, తండ్రి రెండవ భార్య మరొకటి. రెండవ అర్థం వినగానే జానపద కథల్లోని సవతి తల్లి మనకు గుర్తుకు వస్తుంది. సిద్ధార్థ గౌతమునికి మహాప్రజాపతి రెండర్థాలలోనూ పినతల్లియే. కాని ఆ కథలన్నింటికీ ఆమె జీవితం ఎదురు సాక్ష్యం.

మాయాదేవి, మహాప్రజాపతి దేవదహ నగరపు కోలియుల ఆడపడుచులు. ఇద్దరూ శాక్యుడైన శుద్ధోదనుని ఇంట అడుగుపెట్టారు. సిద్ధార్థుడు పుట్టిన ఏడవ నాడు మాయాదేవి కన్నుమూసింది. అప్పుడు చెల్లెలు ఆ పసివానిని ఒడిలోకి తీసుకున్నది. తన కడుపున పుట్టిన నందుని దాదుల చేతికిచ్చి, అక్క బిడ్డకు తన పాలు పట్టినదని పాళీ అట్ఠకథలు చెబుతాయి.

ఆ పెంపకాన్ని గురించి గ్రంథాలు అంతకు మించి చెప్పవు. పాలిచ్చినది, పోషించినది అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. చరిత్ర పాఠాలు చెప్పుకునే మాకు ఆ మౌనం కొంత బాధ కలిగిస్తుంది. సిద్ధార్థుడు 29వ ఏట ఇల్లు విడిచే వరకు గడిచిన కాలమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఇమిడి ఉన్నది. తల్లి భీమాబాయి పోయిన తరువాత బాల భీమరావును సాకిన మేనత్త మీరాబాయి విషయంలోనూ జీవిత చరిత్రకారులు కొద్ది మాటలతోనే ముందుకు సాగిపోయారు. పెంచిన చేతులకు చరిత్రలో దొరికే చోటు ఇంతేనేమో!

సంబోధి పొందిన బుద్ధుడు కపిలవస్తుకు వచ్చిన వేళ గౌతమి ఇల్లు ఇంకా బోసిపోయింది. కొడుకు నందుడు, మనుమడు రాహులుడు ఇద్దరూ సంఘంలో చేరిపోయారు. ఆమె తన చేతులతో నూలు వడికి, మగ్గంపై నేసిన వస్త్రాల జతను బుద్ధునికి సమర్పించబోయింది. తనకు కాక సంఘానికి ఇమ్మని ఆయన కోరాడు. ఆమె మూడుసార్లు అడిగినా అదే సమాధానం. సంఘానికిచ్చిన దానం వ్యక్తికిచ్చిన దానికన్న గొప్పదనే బోధ ఆ సందర్భంలోనిదే. బోధ గొప్పది. అయినా, బిడ్డకు తొడిగించాలని నేసిన బట్టను చేత పట్టుకుని నిలబడిన ఆ తల్లిని కూడా మనం చూడవలసి ఉన్నది.

శుద్ధోదనుని మరణానంతరం ఆమె న్యగ్రోధారామానికి వెళ్లి ప్రవ్రజ్య కోరింది. మూడుసార్లు కోరింది, మూడుసార్లూ నిరాకరణే ఎదురైంది. బుద్ధుడు వైశాలికి తరలివెళ్లాడు. గౌతమి తల నీలాలు తీయించుకుని, కాషాయం ధరించి, శాక్య స్త్రీలు ఎందరినో వెంటబెట్టుకుని కాలినడకన బయలుదేరింది. కపిలవస్తు నుండి వైశాలి 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. పాదాలు వాచి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, కన్నీళ్లతో ఆమె కూటాగారశాల గుమ్మం వెలుపల నిలిచిన దృశ్యాన్ని వినయపిటకంలోని చుల్లవగ్గ దాచకుండా చెప్పింది.

తాను పాలిచ్చిన సంగతి ఆమె అక్కడ ఎత్తలేదు. ఎత్తినవాడు ఆనందుడు. స్త్రీలు అర్హత్వాన్ని పొందగలరా అని ముందు అడిగి, పొందగలరని బుద్ధుని చేతనే అంగీకరింపజేసి, ఆపై పెంచిన తల్లి ఋణాన్ని గుర్తు చేశాడు. మొదటిది న్యాయం, రెండవది ఋణం. ఈ వరుసలో ఆనందుని వివేకం మాకు కనిపిస్తుంది. ప్రవ్రజ్య లభించింది, అయితే ఎనిమిది గురుధర్మాలతో. నూరేళ్ల భిక్షుణియైనా ఆనాడే ఉపసంపద పొందిన భిక్షువుకు మొక్కవలెననేది వాటిలో మొదటిది.

ఈ ఘట్టం వద్ద దీక్ష తీసుకున్న మన సోదరీమణులు ఇబ్బంది పడతారు, పడవలసిందే. భిక్షుణి సంఘమే ఇంకా లేనినాడు, రెండేళ్ల శిక్షణ తరువాత ఉభయ సంఘాల చేత ఉపసంపద పొందాలనే నియమం ఎట్లా పుట్టింది? ఈ జాబితా తరువాతి కాలంలో కూర్చినదని పలువురు పండితుల అభిప్రాయం, మాదీ అదే. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1951లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో గౌతమి ప్రవ్రజ్యను చర్చించి, స్త్రీల పట్ల బుద్ధునికి చిన్నచూపు ఉన్నదన్న ఆరోపణను తిప్పికొట్టారు. చుల్లవగ్గలోనే మరొక సంగతి ఉన్నది. నమస్కారం దీక్షా వయస్సును బట్టి ఉండాలి కాని స్త్రీ పురుష భేదాన్ని బట్టి కాదని గౌతమి తరువాత ఆనందుని ద్వారా మనవి చేసుకున్నది. ఆ మనవి నెగ్గలేదు. కాని ఆమె అడిగినదన్న మాటను గ్రంథం చెరపలేదు. ఆమె తెరిచిన తలుపు గుండా వచ్చిన భిక్షుణుల పేర్లు మన అమరావతి శిల్పాల మీద దాతల పేర్లుగా నేటికీ కనిపిస్తాయి.

వృద్ధాప్యంలో ఆమె జబ్బుపడినప్పుడు, భిక్షుణుల నివాసానికి భిక్షువులు వెళ్లి బోధించరాదన్న నియమం అడ్డు వచ్చింది. బుద్ధుడు స్వయంగా వెళ్లి ఆమెకు ధర్మం వినిపించి, రోగి విషయంలో ఆ నియమాన్ని సడలించాడు.

ఆమె 120 ఏళ్లు జీవించినదని అపదానం చెబుతుంది. ఆ సంఖ్యను చరిత్రగా తీసుకోనక్కరలేదు. కాని ఆ గ్రంథం వర్ణించిన చివరి వీడ్కోలు మాత్రం విడువరానిది. తన పాలు క్షణకాలపు దప్పిక తీర్చాయని, అతడు పట్టిన ధర్మమనే పాలు శాశ్వతంగా దప్పిక తీర్చాయని, పెంపకపు ఋణం ఇక లేదని ఆమె బుద్ధునికి చెప్పింది. వైశాలిలో ఆమె పరినిర్వాణం పొందగా, అంతిమయాత్రలో బుద్ధుడు కూడా నడిచాడు. చితి చల్లారిన తరువాత ఆనందుడు ఆమె ధాతువులను ఆమె భిక్షాపాత్రలోనే ఉంచి తెచ్చాడు. బుద్ధుడు వాటిని తన చేతులలోకి తీసుకున్నాడు.