దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (1897 మార్చి 8 - 1925 ఫిబ్రవరి 6) రాజమండ్రికి (నేటి రాజమహేంద్రవరం) చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు పునాదులు వేసిన వారిలో ఇతడు అగ్రగణ్యుడు. నీటిరంగులలోను, తైలవర్ణాలలోను చిత్రాలు వేశాడు. పురాణ గాథలు, బౌద్ధ గాథలు, తెలుగువారి నిత్యజీవితం, గోదావరి ప్రకృతి ఇతని చిత్రాలలోని ప్రధాన వస్తువులు. ఇతని కళకు మూలాధారం మనుషులను, ప్రదేశాలను ఎదురుగా చూసి పెన్సిలుతో గీసుకొనే అభ్యాసం. విద్యార్థి దశ ముగిసిన తరువాత ఇతనికి లభించిన కాలం ఐదేళ్లకు మించలేదు. ఆ కొద్దికాలంలోనే రాజమండ్రిలో ఒక చిత్రకళాశాలను నెలకొల్పి, శిష్యబృందాన్ని తయారుచేసి, 28 ఏళ్లయినా నిండకముందే మశూచి వ్యాధితో మరణించాడు.

బాల్యం - కూల్డ్రే శిష్యరికం

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించాడు. తండ్రి వెంకటరమణారావు, తల్లి లక్ష్మీదేవి. చిన్ననాటి నుండి ఇతనికి బొమ్మలు గీయడమంటే మక్కువ. ఆ కాలంలో తెలుగునాట చిత్రలేఖనం జీవనోపాధి కాగలదని నమ్మిన కుటుంబాలు అరుదు. ఇంట్లో దేవుని పటాలు, రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు ఉండేవి కాని, చిత్రకళను శాస్త్రీయంగా నేర్పే విద్యాలయం గోదావరి ప్రాంతంలో లేదు.

ఈ పరిస్థితులలో రామారావుకు లభించిన గురువు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఇతడు 1909 నుండి 1919 వరకు రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆంగ్లేయుడు. ఆంగ్ల సాహిత్య ఉపాధ్యాయుడే కాక స్వయంగా కవి, చిత్రకారుడు. పాలకజాతికి చెందినవాడైనా తెలుగు విద్యార్థులను ఆత్మీయంగా చేరదీసి, వారి సహజ ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటివారు కూడా ఇతని శిష్యులే.

కూల్డ్రే శిక్షణలోని ప్రత్యేకత ఆరుబయటి అభ్యాసం. గోదావరి తీరాన, పరిసర గ్రామాలలో తిరుగుతూ కనబడిన దృశ్యాన్ని అక్కడికక్కడే చిత్రించడం అతని అలవాటు. ఆ అనుభవాలతో అతడు వ్రాసిన సౌత్ ఇండియన్ అవర్స్ అనే పుస్తకం 1924లో వెలువడింది. అచ్చు చిత్రాన్ని చూసి దానికి నకలు తీయడమే చిత్రకళాభ్యాసమని భావించే రోజులవి. కంటికి కనిపించే వస్తువు నుండే గీత పుట్టాలన్న పాఠం రామారావుకు ఈ గురువు వద్దనే అబ్బింది.

అజంతా యాత్ర

కూల్డ్రే తన శిష్యులను అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకొనివెళ్ళాడు. రామారావు కళాజీవితంలో ఇది ముఖ్యమైన మలుపు. అప్పట్లో అజంతా నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేది.

పురాతన కట్టడాల ఎదుట కూర్చొని వాటిని చిత్రించే సంప్రదాయం అజంతాలో అంతకు ముందే ఏర్పడింది. 1872 నుండి 1885 వరకు బొంబాయి సర్ జె.జె. కళాశాల విద్యార్థులు జాన్ గ్రిఫిత్స్ ఆధ్వర్యంలో అక్కడి కుడ్యచిత్రాలకు ప్రతులు తయారుచేశారు. వాటిలో చాలా భాగం తరువాత లండనులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మళ్ళీ 1909 - 1911 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హాం నాయకత్వంలో నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ మొదలైనవారు ఆ పని చేశారు. ఈ ప్రతుల ద్వారానే అజంతా ప్రాశస్త్యం లోకానికి విస్తృతంగా తెలిసింది.

నేరుగా గుహలలో నిలబడి చూసిన విద్యార్థికి అజంతా నేర్పే పాఠాలు అనేకం. మొదటి గుహలోని మహాజనక జాతక చిత్రంలో ఒక నర్తకి, ఆమె చుట్టూ వేణువులు, మద్దెలలు, తాళాలు వాయించే స్త్రీలు కనిపిస్తారు. వాయించే చేతుల విన్యాసం, వంగిన మెడలు, నర్తకి నడుము వంపు అన్నీ సన్నని గీతలోనే ఇమిడి ఉన్నాయి. ఆ బృందాల వెనుక స్తంభాలతో కూడిన మండపాలు చిత్రించబడ్డాయి. కదిలే మనుషులను, కదలని కట్టడాలను ఒకే చిత్రంలో పొందికగా కూర్చే విధానం అది. గుంపులుగా ఉన్న ఆకృతులను లయబద్ధమైన రేఖలతో కలపడం రామారావు పెద్ద చిత్రాలలో ప్రధాన లక్షణం కావడానికి అజంతా ప్రభావం ఒక ముఖ్య కారణం.

బొంబాయిలో విద్యాభ్యాసం

కూల్డ్రే ఆర్థిక సహాయంతో రామారావు 1916లో బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలలో చేరాడు. అప్పటికే ఇతని చేతిలో ఉన్న నైపుణ్యాన్ని గుర్తించిన ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్, మొదటి తరగతులతో పనిలేకుండా నేరుగా పై తరగతిలో ప్రవేశం కల్పించాడు.

1857లో ప్రారంభమైన ఆ కళాశాలలో శిక్షణ ఐరోపా పద్ధతిలో సాగేది. విద్యార్థి మొదట ప్లాస్టరు బొమ్మలను చూసి గీయాలి. వెలుగునీడలను, దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించే తీరును గణితం వలె అభ్యసించాలి. బర్న్స్ తరువాత బాధ్యతలు చేపట్టిన గ్లాడ్‌స్టన్ సాలొమన్ 1919లో సజీవ మానవ దేహాన్ని ఎదుట నిలిపి గీయించే తరగతిని ప్రవేశపెట్టాడు. భారతదేశపు కళాశాలలో ఇది అప్పటికి కొత్త విషయం. ప్లాస్టరు బొమ్మ కదలదు. మనిషి మాత్రం ఊపిరి తీస్తాడు, అలసి భారాన్ని ఒక కాలి మీది నుండి మరొక కాలి మీదికి మారుస్తాడు. ఆ మార్పును గమనించి, మళ్ళీ మారేలోపు గీతలో పట్టుకోవడమే ఈ అభ్యాసంలోని కష్టం. రామారావు స్త్రీ, పురుష దేహాలను చిత్రించడంలో కనబరచిన సాధికారతకు ఈ శిక్షణ తోడ్పడింది.

రామారావు ప్రథమ శ్రేణిలో, ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడై 1920లో చదువు ముగించాడు. ఈలోగా 1919లో కూల్డ్రే అనారోగ్య కారణాల వలన ఉద్యోగం వదలి ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

పర్యటనలు

చదువు పూర్తయిన తరువాత రామారావు గుజరాత్, కాఠియావాడ్ ప్రాంతాలలో పర్యటించాడు. గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావల్‌తో ఇతనికి స్నేహం కలిగింది. భావనగర్ సంస్థానంలో రూపచిత్రాలు వేశాడు. అక్కడి పల్లెజనుల వేషధారణ, ఆభరణాలు, నడక, నిలుచునే తీరు గోదావరి వాసుల కన్న భిన్నమైనవి. కొత్త ప్రాంతానికి వెళ్ళిన చిత్రకారునికి ఇటువంటి భేదాలే మొదట కంటికి తగులుతాయి.

1921లో కలకత్తా, శాంతినికేతనం దర్శించి అవనీంద్రనాథ్ ఠాగూర్, రవీంద్రనాథ్ ఠాగూర్ ప్రభృతులను కలుసుకున్నాడు. అప్పుడు దేశంలో చిత్రకళ రెండు మార్గాలుగా చీలి ఉంది. నమూనాను ఎదుట పెట్టుకొని గీయడం ఐరోపావారి పద్ధతి అని, భారతీయ చిత్రకారుడు ధ్యానంతో మనసులో కల్పించుకొన్న రూపాన్నే చిత్రించాలని వంగ సంప్రదాయం వారి అభిప్రాయం. కంటికి కనిపించే రూపం మీద పట్టు సాధించనిదే కల్పనకు బలం చేకూరదని బొంబాయి వారి వాదం.

రామారావు ఈ రెంటిలో దేనినీ సంపూర్ణంగా తిరస్కరించలేదు, దేనికీ పూర్తిగా లొంగలేదు. విషయం, భావం, రేఖలోని లాలిత్యం భారతీయంగా ఉండాలనడంలో వంగీయులతో ఏకీభవించాడు. అయితే వారి చిత్రాలలో కనిపించే పొగమంచు వంటి మసక రంగులను అనుసరించలేదు. ఇతని ఆకృతులు స్పష్టంగా, దేహనిర్మాణంలో దోషం లేకుండా ఉంటాయి. రామారావు పద్ధతిని ప్రత్యేకంగా ఆంధ్ర శైలి అని విమర్శకులు పేర్కొనడానికి ఈ సమన్వయమే కారణం.

రేఖాచిత్రాల సాధన

రామారావు పూర్తిచేసిన చిత్రాలతో పాటు పెన్సిలు రేఖాచిత్రాలు, స్కెచ్ పుస్తకాలు కూడా భద్రపరచబడి ఉన్నాయి. ఇతని కృషిని అర్థం చేసుకోవడానికి ఇవి ఎంతో ఉపకరిస్తాయి.

చిత్రకారుని స్కెచ్ ఇతరులకు చూపడానికి ఉద్దేశించినది కాదు. అది అతడు తన కోసం వ్రాసుకొన్న గుర్తు. నది ఒడ్డున నీళ్ళు ముంచుకొనే స్త్రీ గాని, పడవ నడిపే సరంగు గాని చిత్రకారుని కోసం ఆగి నిలుచోరు. అందుచేత దేహం మొత్తానికి ప్రధానమైన వంపును ముందుగా ఒకటి రెండు గీతలలో పట్టుకొని, వివరాలను తరువాత చేర్చుకోవాలి. కట్టడాల విషయంలో ఇబ్బంది వేరు. గుడి గోపురం కదలదు కాని దానిపై పడే ఎండ గడియ గడియకు మారుతుంది. నీడ ఎటు పడుతున్నదో మొదట నిర్ణయించుకొనక పోతే చిత్రం పూర్తయ్యేసరికి ఉదయం, మధ్యాహ్నం కలగలిసిపోతాయి. అందువలన మనుషులకు వేగం, కట్టడాలకు ఓర్పు కావలసి ఉంటుంది.

పలువురు వ్యక్తులున్న పెద్ద చిత్రాన్ని వేయదలచినప్పుడు ఈ గుర్తులే పెట్టుబడి. చేయి ఎత్తిన భంగిమ, వెనుదిరిగి నిలుచున్న స్త్రీ, మోకాళ్ళపై వంగిన మనిషి వంటి విడి విడి అధ్యయనాలు ఒకచోట చేరి కూర్పుగా రూపొందుతాయి. రామారావు చిత్రాలలో పౌరాణిక పాత్రలు సైతం మన వీధులలో కనిపించే మనుషుల వలె సహజంగా నిలబడతాయి. వారి చీరకట్టు, సిగముడి, కూర్చునే తీరు గోదావరి ప్రాంతపు జీవితం నుండి గ్రహించినవే.

ప్రకృతి దృశ్యాలలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. రాజమండ్రి వద్ద విశాలంగా పారే గోదావరి, ఎగువన పాపికొండల నడుమ ఇరుకై మలుపులు తిరుగుతుంది. కొండల మధ్య ప్రవహించే గోదావరిని రామారావు నీటిరంగులలో చిత్రించాడు.

ప్రసిద్ధ చిత్రాలు

* ఋష్యశృంగ బంధనం: రామాయణం బాలకాండలోని కథ. అంగరాజ్యంలో అనావృష్టి తొలగించడానికి, స్త్రీలనే ఎరుగని ముని కుమారుడైన ఋష్యశృంగుని వారాంగనలు ఆకర్షించి తీసుకొనిరావడం ఇందులోని వస్తువు. 1922లో కలకత్తాలో జరిగిన చిత్రకళా ప్రదర్శనలో బహుమతి పొందిన ఈ చిత్రంతో రామారావు పేరు దేశమంతటా తెలిసింది.
* సిద్ధార్థ రాగోదయం: సిద్ధార్థుని మనసులో అనురాగం అంకురించిన ఘట్టం. స్త్రీమూర్తుల వరుసను కూర్చిన తీరుకు ప్రసిద్ధి పొందింది.
* నందిపూజ: దేవాలయంలో నందిని అర్చించే స్త్రీల చిత్రం. రాతి విగ్రహపు స్థిరత్వానికి, స్త్రీల కదలికకు గల భేదం ఇందులో చక్కగా కనిపిస్తుంది.
* పుష్పాలంకరణ: పువ్వులతో అలంకరించుకొనే స్త్రీల చిత్రం.
* కార్తిక పౌర్ణమి: తెలుగువారి ఆచారాన్ని వస్తువుగా గ్రహించిన చిత్రం.

1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా ఇతని చిత్రాలకు స్థానం లభించింది.

రాజమండ్రి చిత్రకళాశాల

బొంబాయి, కలకత్తా వంటి నగరాలలో స్థిరపడే అవకాశం ఉన్నప్పటికీ రామారావు స్వస్థలానికే తిరిగివచ్చాడు. 1920ల తొలి సంవత్సరాలలో మిత్రుడు వరదా వెంకటరత్నం సహకారంతో రాజమండ్రిలో చిత్రకళాశాలను ప్రారంభించాడు. తెలుగు యువకులు చిత్రకళ కోసం దూరప్రాంతాలకు పోనవసరం లేకుండా చేయడం దీని ఉద్దేశం. చామకూర భాష్యకార్లు మొదలైనవారు ఈ బృందంలోని చిత్రకారులు. రామారావు భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రలేఖనం అభ్యసించారు. గృహిణులు చిత్రకారులుగా రాణించడం ఆ కాలానికి విశేషమే.

దాదాపు అదే సమయంలో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ వంగ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. అడివి బాపిరాజు ఆయన వద్ద శిష్యరికం చేశాడు. ఈ విధంగా రాజమండ్రి, మచిలీపట్నం తెలుగునాట ఆధునిక చిత్రకళకు రెండు కేంద్రాలయ్యాయి.

మరణం

చిత్రకళాశాల నిలదొక్కుకొంటున్న దశలోనే రామారావుకు మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న మరణించాడు. ఆనాటి పట్టణాలలో మశూచి తరచు ప్రబలి ప్రాణాలు బలిగొనేది. ఆ వ్యాధి నుండి భారతదేశం విముక్తమైనట్లు ప్రకటించబడినది 1977లో, అనగా రామారావు మరణించిన అర్ధ శతాబ్దం తరువాత.

ఇతడు చేపట్టిన సమన్వయం పరిపక్వ దశకు చేరుకోకముందే ఆగిపోయింది. పూర్తి చిత్రాలుగా మారవలసిన ఎన్నో అధ్యయనాలు పెన్సిలు గీతలుగానే మిగిలాయి. అయినప్పటికీ, ఒక చిత్రకారుడు ఎలా చూశాడో, చూసినదానిలో ఏది గ్రహించి ఏది విడిచాడో తెలుసుకోదలచిన విద్యార్థులకు ఆ అసంపూర్ణ రేఖలు ఎంతో విలువైనవి.

స్మారక చిహ్నం

రామారావు మరణానంతరం భార్య సత్యవాణి, వరదా వెంకటరత్నం, ఇతర మిత్రులు, శిష్యులు ఆయన చిత్రాలు చెదిరిపోకుండా కాపాడారు. వెంకటరత్నం చిత్రకళాశాలను కొనసాగించి మరొక తరాన్ని తీర్చిదిద్దాడు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రకళామందిరంలో ఆయన తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిలు రేఖాచిత్రాలు ఉన్నాయి. ఒకే చిత్రకారుని కృతులు ఆయన పుట్టిన ఊరిలోనే, అచ్చుప్రతులుగా కాక మూలరూపంలో, ఒకచోట లభించడం తెలుగునాట అరుదైన విషయం.