నోటుబుక్కుల్లో మిగిలిన పేర్లు: ఈజిప్టు తవ్వకాలకు లెక్క నేర్పిన పీట్రీ కథ

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పీట్రీ మ్యూజియం ఉంది. అందులో సుమారు 80 వేల వస్తువులున్నాయి. వచ్చినవాళ్లు పూసల దగ్గరో, కుండల దగ్గరో, ఐదు వేల ఏళ్లు దాటిన ఒక నారబట్ట చొక్కా దగ్గరో ఆగుతారు. అదే మ్యూజియం ఆర్కైవ్‌లో ఉన్న చిన్న జేబు నోటుబుక్కులు మాత్రం అంతగా ఎవరి కంటా పడవు.

వాటిలో పెన్సిల్‌తో గీసిన సమాధుల ప్లాన్లు, అంగుళాల్లో కొలతలు, కుండల బొమ్మలు ఉంటాయి. వాటి మధ్యలోనే కూలీల పేర్ల జాబితాలు కనిపిస్తాయి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి ఇవ్వాలి, ఏ వస్తువు దొరికినందుకు ఎంత బక్షీసు అన్న లెక్కలవి. ఒక్క మాటలో చెప్పాలంటే మన పనుల దగ్గర రాసే మస్టరు లాంటిదే.

ఈ లెక్కలు రాసిన మనిషి విలియం మాథ్యూ ఫ్లిండర్స్ పీట్రీ. ఈజిప్టులో నిధుల వేటను ఒక శాస్త్రంగా మార్చిన వాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు ఆయనదే. ఆయన అచ్చు వేసిన పుస్తకాలు వందకు దగ్గరగా ఉన్నాయి. అయినా ఈరోజు పరిశోధకులు ఆ పుస్తకాల కంటే ఈ నోటుబుక్కుల కోసమే ఎక్కువగా వెతుకుతున్నారు.

బడికి వెళ్లని ప్రొఫెసర్

పీట్రీ 1853 జూన్ 3న లండన్ దగ్గరి చార్ల్‌టన్‌లో పుట్టారు. తల్లి ఆన్, ఆస్ట్రేలియా తీరాన్ని చుట్టి మ్యాపు గీసిన నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ కూతురు. తండ్రి విలియం ఇంజినీరు. చిన్నప్పుడు తరచూ జబ్బు పడుతుండటంతో ఆయన చదువు ఇంట్లోనే సాగింది. డిగ్రీ చదవలేదు. తండ్రి దగ్గర సర్వే పని నేర్చుకుని, యువకుడిగా ఉన్నప్పుడే స్టోన్‌హెంజ్ రాళ్లను కొలిచి 1880లో పుస్తకం వేశారు. ఆ రాళ్లకు ఆయన ఇచ్చిన నంబర్లనే ఇప్పటికీ వాడుతున్నారు.

ఈజిప్టుకు ఆయన్ని నడిపించింది మాత్రం ఒక మూఢనమ్మకమే అనాలి. స్కాట్లాండ్ ఖగోళ శాస్త్రవేత్త పియాజీ స్మిత్ అప్పట్లో ఒక సిద్ధాంతం ప్రచారం చేశారు. గీజాలోని పెద్ద పిరమిడ్ కొలతల్లో దైవ రహస్యాలు దాగున్నాయని, దాని పునాది పొడవులో ఏడాదికి ఎన్ని రోజులో కూడా ఇమిడి ఉందని ఆయన వాదన. పీట్రీ తండ్రి దాన్ని గట్టిగా నమ్మారు. కొడుకు కూడా మొదట్లో నమ్మాడు. నమ్మినదాన్ని రుజువు చేద్దామనే 1880 చివర్లో కొలత పరికరాలు వెంటబెట్టుకుని గీజా చేరాడు.

అక్కడ ఖాళీగా ఉన్న ఒక పాత సమాధిలో కాపురం పెట్టారు. అలీ గబ్రీ అనే స్థానికుడు తోడుగా ఉండేవాడు. పిరమిడ్ లోపల వేడి భరించలేక ఒంటి మీద దాదాపు ఏమీ లేకుండా రాత్రిళ్లు కొలిచేవారు. పగలు బయట గులాబీ రంగు లోదుస్తులతో తిరిగితే పర్యాటకులు దగ్గరికి రారని ఆయనే ఆ తర్వాత సరదాగా రాసుకున్నారు.

రెండు సీజన్ల తర్వాత లెక్క తేలింది. స్మిత్ సిద్ధాంతం నిలబడాలంటే పునాది ఒక్కో వైపు సుమారు 9,140 అంగుళాలు ఉండాలి. పీట్రీకి వచ్చింది సుమారు 9,069. దాదాపు ఆరు అడుగుల తేడా! కుటుంబం నమ్మిన సిద్ధాంతం కొడుకు టేపు కింద కూలిపోయింది. 1883లో ఆ ఫలితాలను ఆయన ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేశారు.

పెంకులే గడియారం

ఆ రోజుల్లో తవ్వకం అంటే విగ్రహాలు, బంగారం, శాసనాల కోసం వెతుకులాట. తుపాకిమందు పెట్టి రాళ్లు పేల్చినవాళ్లూ ఉన్నారు. పగిలిన కుండల్ని చెత్తతో పాటు గుట్టలుగా పారబోసేవారు. కళ్లముందే దేశం మొత్తం కాలిపోతున్నట్టుగా ఉందనే ఆందోళన పీట్రీకి మొదటి నుంచీ ఉంది. దొరికిన ప్రతిదాన్నీ, ముఖ్యంగా ఎవరూ పట్టించుకోనిదాన్ని, ఎక్కడ ఏ లోతున దొరికిందో రాసి ఉంచాలన్నది ఆయన పట్టుదల.

రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్ 1882లో మొదలుపెట్టిన ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ తరఫున ఆయన తానిస్, నౌక్రాటిస్‌లలో తవ్వారు. డబ్బు ఖర్చు పెట్టే తీరుపై కమిటీతో గొడవపడి 1886లో బయటికొచ్చారు. అమీలియా మాత్రం ఆయన చేయి వదల్లేదు. 1892లో ఆమె చనిపోతూ వీలునామాలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఈజిప్టాలజీ ప్రొఫెసర్ పదవి కోసం డబ్బు రాసిపెట్టారు. డిగ్రీ లేని పీట్రీ ఆ కుర్చీలో 40 ఏళ్లు కూర్చున్నారు. పెళ్లి 1896లో. భార్య హిల్డా తాడు నిచ్చెన మీద లోతైన సమాధుల్లోకి దిగి రాతలు కాపీ చేసేవారు, శిబిరం లెక్కలు చూసేవారు, చందాలు వసూలు చేసేవారు. ఆయన పేరుతో ఉన్న కాగితాల్లో ఆమె చేతిరాత కూడా చాలా ఉంది.

1894-95 చలికాలంలో నకాదాలో రెండు వేలకు పైగా సమాధులు తవ్వారు. రాతలు లేవు, రాజుల పేర్లు లేవు. బయటి నుంచి వచ్చిన ఏదో కొత్త జాతి వాళ్లవి అని పీట్రీ తేల్చేశారు. అది తప్పు. అవి ఫారోల కంటే ముందున్న ఈజిప్షియన్లవే అని ఫ్రెంచ్ పరిశోధకుడు జాక్ ద మోర్గాన్ చూపించారు. పీట్రీ ఆ తప్పు ఒప్పుకుని, ఆ పూర్వకాలానికి వరస కట్టే పని తానే ఎత్తుకున్నారు.

తొమ్మిది వందల సమాధులు ఎంచుకుని, ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క తయారు చేశారు. ఏ ఏ రకం కుండలు అందులో ఉన్నాయో దానిపై రాశారు. ఒకే రకం కుండలున్న సమాధులు దగ్గర దగ్గరగా వచ్చేలా ఆ ముక్కల్ని మళ్లీ మళ్లీ పేర్చారు. మొదట పట్టుకోవడానికి పనికొచ్చిన అలల ఆకారపు పిడి, కాలం గడిచేకొద్దీ చిన్నదై, చివరికి కుండ మెడ మీద ఒక గీతగా మిగిలిపోవడం ఆయనకు కనిపించింది. అదే గడియారంలో ముల్లు. ఈ వరసకు 30 నుంచి 80 వరకు అంకెలు ఇచ్చారు. ఇంకా పాత కాలం ఏదైనా బయటపడితే అవసరమని 1 నుంచి 29 వరకు ఖాళీ వదిలారు. 1920లలో ఆయన శిష్యులే బదారీలో ఆ పాత కాలాన్ని కనిపెట్టారు.

అయితే ఇక్కడ ఒక పేచీ ఉంది. ఆయన ప్రతి ఏడాదీ చలికాలం తవ్వి, వేసవిలో లండన్‌లో ప్రదర్శన పెట్టి, ఆ వెంటనే నివేదిక అచ్చు వేసేవారు. ఏళ్ల తరబడి నివేదికలు రాయని తోటివాళ్లతో పోలిస్తే ఇది మెచ్చుకోదగిన విషయమే. కానీ ఆ తొందరలో చాలా సమాచారం పుస్తకంలోకి రాకుండా నోటుబుక్కుల్లోనే ఉండిపోయింది. నకాదా సమాధుల్లో చాలావాటి వివరాలు అలాగే మిగిలిపోయాయి. జర్మనీ నుంచి బ్రిటన్ వచ్చిన ఎలీజ్ బాంగార్టెల్ అనే పరిశోధకురాలు ఈ నోటుబుక్కులు పట్టుకుని, దేశదేశాల మ్యూజియంల్లో ఉన్న కుండల మీది నంబర్లతో పోల్చుతూ ఒక్కో సమాధినీ మళ్లీ కూర్చారు. ఆ పుస్తకం 1970లో వచ్చింది. అంటే, తవ్విన 75 ఏళ్లకు.

వస్తువులు అన్ని దేశాలకు ఎలా చేరాయంటే, అప్పటి పద్ధతి పంపకం. దొరికినవాటిలో కైరో మ్యూజియం తన వాటా తీసుకున్నాక మిగిలినవి చందాదారులకు, వాళ్ల ఊళ్ల మ్యూజియంలకు వెళ్లేవి. బ్రిటిష్ పాలన నీడలో సాగిన పంపకం అది. ఒక సమాధిలో పక్కపక్కనే ఉన్న రెండు కుండలు రెండు ఖండాలకు వెళ్లిపోయేవి. కుండ మీద సిరాతో రాసిన చిన్న నంబరు, నోటుబుక్కులో అదే నంబరు. వాటిని కలిపే దారం అదొక్కటే.

మొదట చెప్పిన నారబట్ట చొక్కా కథ వింటే ఆ దారం విలువ తెలుస్తుంది. పీట్రీ బృందం 1913లో తర్ఖాన్‌లో మాసిన గుడ్డల మూట ఒకటి తెచ్చింది. అది 1977 దాకా ఎవరూ విప్పలేదు. శుభ్రం చేయడానికి విప్పితే అందులో మడతలు పెట్టి కుట్టిన చొక్కా బయటపడింది. 2016లో ప్రకటించిన కార్బన్ పరీక్ష ప్రకారం అది క్రీస్తుపూర్వం 3482, 3102 మధ్యది. నేసిన దుస్తుల్లో ప్రపంచంలో ఇంతవరకు దొరికిన అతి పాతవాటిలో ఒకటి. అది ఏ సమాధిదో చెప్పగలుగుతున్నామంటే ఆ నంబరు వల్లే.

చేయి విసిరేశారు, కడియాలు దాచారు

1901లో అబిదోస్‌లో తొలి రాజవంశానికి చెందిన జెర్ సమాధిని శుభ్రం చేస్తున్నారు. అంతకుముందే ఫ్రెంచ్ బృందం తవ్వి వదిలేసిన చోటు అది. గోడ కన్నంలో ఎప్పుడో దొంగలు దోపి వెళ్లిన ఒక చేయి ముక్క, గుడ్డ చుట్టి ఉన్నది, నలుగురు కూలీలకు దొరికింది. గుడ్డ అంచున బంగారం మెరిసింది. దాన్ని విప్పి చూసుకోవచ్చు, జేబులో వేసుకోవచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. దొరికిన చోటే పెట్టి, పర్యవేక్షకుడు ఆర్థర్ మేస్ వచ్చేదాకా ఆగారు. విప్పితే నాలుగు కడియాలు. బంగారం, నీలం రాయి, ఊదారంగు రాయి. ఐదు వేల ఏళ్ల నాటివి.

పీట్రీ ఆ బంగారం తూకానికి సరిపడా సవరన్లు కూలీలకు ఇచ్చారు. ఇది దానం కాదు. దొరికిన వస్తువుకు బజారు ధర ఎంతో అంత బక్షీసు ఇస్తే దొంగ వ్యాపారికి అమ్మాల్సిన పని ఉండదన్నది ఆయన లెక్క. ఆ తర్వాత కైరో మ్యూజియంలో ఎమిల్ బ్రుగ్ష్ ఆ కడియాల్ని అద్దాల పెట్టెలో పెట్టి, చేతినీ, గుడ్డనూ పారేశారు. ఇప్పుడు ఆ చేయి పీట్రీ తీసిన ఫొటోలోనే ఉంది. చదువుకున్న అధికారి పారేసినదాన్ని అక్షరం రాని కూలీలు కదపకుండా కాపాడారన్నది నాకు ఈ మొత్తం కథలో మరువలేని భాగం.

ఈ కూలీల సంగతే పీట్రీ కాగితాల్లో ఇప్పుడు ఎక్కువ చర్చకు వస్తోంది. 1893-94లో కుఫ్త్‌లో తవ్వినప్పుడు ఆ ఊరి మనుషులకు ఆయన పని నేర్పారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా వాళ్లలో కొందరిని వెంట తీసుకెళ్లారు. కుఫ్తీలంటే ఈజిప్టులో నిపుణులైన తవ్వకందార్లని పేరు. తరతరాలుగా ఆ వృత్తి సాగుతోంది. లాహూన్‌కు చెందిన అలీ సువైఫీ ఆయనకు దశాబ్దాల పాటు కుడిభుజం. మట్టి రంగు చూసి కింద ఏముందో చెప్పగల మనిషి.

అచ్చు పుస్తకాల్లో ఇలాంటి పేర్లు అరుదు. మన దేశంలో బ్రిటిష్ కాలపు తవ్వకాల నివేదికలు తిరగేసినా ఇదే తంతు. దొర పేరు అట్ట మీద ఉంటుంది, పలుగు పట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. పీట్రీ నోటుబుక్కుల్లో మాత్రం పురుషులు, మట్టి గంపలు మోసిన పిల్లలు పేరుపేరునా ఉన్నారు, కూలి లెక్క కోసమే అయినా. పీట్రీ మ్యూజియంలో పనిచేసిన స్టీఫెన్ క్వర్క్ ఈ జాబితాల్ని ఏరి 2010లో ఒక పుస్తకమే రాశారు.

తలల లెక్క

ఇంత జాగ్రత్తగా కొలిచిన మనిషి, మనుషుల్ని కూడా కొలవాలనుకున్నారు. యూజెనిక్స్ సిద్ధాంతకర్త ఫ్రాన్సిస్ గాల్టన్‌తో కలిసి పనిచేశారు. ఈజిప్టు శిల్పాల్లోని ముఖాలను జాతుల వారీగా ఫొటోలు తీశారు. తవ్వకాల్లో దొరికిన పుర్రెలను కొలతల కోసం లండన్ పంపారు. నాగరికత మారిందంటే బయటి నుంచి మెరుగైన జాతి వచ్చి ఉంటుందన్నది ఆయన ఆలోచన. నకాదాలో చేసిన తప్పుకు మూలం అదే. కుండల విషయంలో దిద్దుకున్నారు గానీ జాతుల విషయంలో దిద్దుకోలేదు.

ఈ పిచ్చిలో మనమూ ఒక మూల ఉన్నాం. మెంఫిస్‌లో దొరికిన మట్టి తలల బొమ్మల్లో కొన్ని భారతీయులవని ఆయన గుర్తించారు. పర్షియన్ల ఏలుబడిలో మనవాళ్లు అక్కడ నివసించారనడానికి అది ఆధారమన్నారు. ముఖం తీరు చూసి చెప్పిన మాటే తప్ప రాత సాక్ష్యం ఏమీ లేదు.

1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక ఈజిప్టులో పంపకం నిబంధనలు బిగిశాయి. ఆ సమాధిని కనిపెట్టిన హోవర్డ్ కార్టర్, 17 ఏళ్ల వయసులో అమర్నాలో పీట్రీ దగ్గరే తవ్వకం నేర్చుకున్నవాడు. 1923లో సర్ బిరుదు అందుకున్న పీట్రీ, 1926లో పాలస్తీనాకు మారి గాజా పరిసరాల్లో తవ్వారు. 1933లో ప్రొఫెసర్ పదవి వదిలి జెరూసలేంలో స్థిరపడ్డారు. శిబిరాల నుంచి ఇంటికీ స్నేహితులకూ చదువుకోమని పంపిన జర్నల్ ఉత్తరాలు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

1942 జూలై 28న జెరూసలేంలో ఆయన చనిపోయారు. శరీరాన్ని జియాన్ కొండ మీది ప్రొటెస్టెంట్ శ్మశానంలో పూడ్చారు. తల మాత్రం అందులో లేదు. ఆయన కోరిక మేరకు దాన్ని వేరు చేసి, పరిశోధన కోసం లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు ఇచ్చారు. యుద్ధకాలం కావడంతో అది చేరడం ఆలస్యమైంది. చేరాక ఒక జాడీలో పెట్టి భద్రపరిచారు. కొంతకాలానికి జాడీ మీది చీటీ ఊడిపోయి, ఆ తల ఎవరిదో తెలియకుండా పోయిందని, తర్వాత మళ్లీ గుర్తుపట్టాల్సి వచ్చిందని చెబుతారు.